పడుడు నేర్పిన అన్న

మొన్న అంగడి నాడు దుమ్ముగూడెం దిక్కుకెల్లి ఒకాయన మా ఇల్లు ఎతుక్కుంట వచ్చిండు. దడి అవతలనే నిలబడి, "కొయ్యకాలు పెద్దమనిషి మీకేమైతడమ్మా?" అన్నడు. ఏమైతడని చెప్పాలె? చుట్టం కాదు. మా ఊరోడు కాదు. ఆయన కులమేందో ఇరవై ఏండ్లల నేనెన్నడు అడగలే. "అన్న అయితడు" అన్న.

"పోయిండమ్మా. నెల దాటింది."

సంచిలకెల్లి ఒక చెప్పు తీసి అరుగు మీద పెట్టిండు. ఒక్కటే. కుడికాలిది, కొత్తది, ఇంక మన్ను సుత అంటలే.

"ఇది మీకియ్యమని చెప్పి పోయిండంట. ఒక్క చెప్పేందో, ఎందుకో మాకు తెల్వదు."

నీళ్లు తాగి పో అన్న. బస్సు పోతదన్నడు. పోయిండు. నేను ఆ చెప్పు పక్కన కూసున్న. ఎంతసేపు కూసున్ననో, పాలకు బర్రె అరిస్తె గని లేవలే. ఎవరికి చెప్పాలె? ఆయన మాకేమైతడో తెలిసినోళ్లు ఈ ఇంట్ల ఇద్దరమే ఉంటిమి, మా ఇంటాయన పోయి ఆరేండ్లాయె.

నా బిడ్డ నిన్న కారేపల్లికెల్లి వచ్చింది. తొమ్మిది దాక చదివింది. నా మొహం చూసి, "ఆయన సంగతి చెప్పమ్మా, నేను రాస్త. ఊకె గోడ దిక్కు చూసుకుంట కూసోకు" అన్నది. సరే, రాయి. నా మాట నా తీరుగనే రాయి, నువ్వు సక్కగ చెయ్యకు. అండ్ల ఒక మాట ఉన్నది. మీ నాయిన కాలు మాట. అది నాకు, అన్నకు తప్ప లోకంల ఎవరికి తెల్వదు. ఇప్పుడు నా ఒక్కదానికే. నీకు చెప్పమని అన్న చెప్పి పోయిండు. చెప్త. నా నోరు ఆగితె నువ్వు సుత ఆగు, లేశి మాత్రం పోకు.

మీ నాయిన కాలు ఎట్ల పోయిందో ఊరంతటికి ఎరుకే. నీకప్పుడు ఐదేండ్లు. వడ్ల మోపులతోని బండి వస్తుంటె వాగు దిగుడు కాడ ఒరిగింది. చక్రం ఎడమకాలు మీదికెల్లి పోయింది, పిక్క బొక్క ఇరిగింది. అడివి అంచున గూడెం కాడ ఒక ముసలాయన ఉండె, కట్లు కట్టెటోడు. కట్ల తాత అనెటోళ్లం. ఆయన వచ్చి పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, నార తాడు చుట్టిండు. తొమ్మిది దినాలు కదలొద్దన్నడు. ఏడో దినానికి వేళ్లు నల్లబడ్డయి. ఏరు దాటిచ్చి దవాఖానాకు తీసుకపోతె, మోకాలు కిందికి కాలు తీసేసిండ్రు. కట్ల తాతే కాలు పోగొట్టిండన్నరు. మన ఊరి మొగోళ్లు పోయి ఆయన వెదురు బద్దలన్ని ఇరిసి పారేసొచ్చిండ్రు. గదీ ఊరికి ఎరుకున్న సంగతి.

దవాఖానకెల్లి వచ్చినంక మీ నాయిన గోడ దిక్కు మర్లి పండుకున్నడు. ఇరవై దినాలు. తినుమంటె తిన్నడు, తాగుమంటె తాగిండు, మాట లేదు. మొదటి వాన పడ్డది. పక్కచేన్లల్ల అరకలు కట్టిండ్రు. మన రెండెకరాలు అట్లనే ఉండె. మా దిక్కు ఆడది అరక మేడి పట్టొద్దంటరు, పడితె వాన ఎనుకకు పోతదని భయం. నేను గట్టు మీద నిలబడి మన భూమిని చూసుడు, ఇంటికొచ్చి ఆయన ఈపు చూసుడు.

గట్లున్నప్పుడు వచ్చిండు అన్న. టక్కు, జర్రు... టక్కు, జర్రు. కొయ్య ఆనిచ్చుడు, ఉన్న కాలు గుంజుడు. బక్కపలచని మనిషి, చెవులు పెద్దయి, భుజం మీద గుడ్డసంచి. కుడికాలు మోకాలు కిందికెల్లి లేదు. ఎవరు పిలువలే. ఏడనో బస్సుల ఎవరో చెప్పుకుంటుంటె ఇన్నడంట, ఫలానా ఊర్ల ఒక రైతుకు కాలు తీసేసిండ్రని. దిగి నడిచి వచ్చిండు. ఆయన పనే గది. ఆయనకు మూడెకరాల మిరప చేను ఉండె. ఆ చేను పని లేని దినాలల్ల, ఏ ఊర్ల ఎవరి కాలో చెయ్యో పోయిందని ఇంటె ఆ ఊరికి పోవుడు.

అరుగు మీద కూసోని చల్ల అడిగి తాగిండు. ఇంట్లకు తొంగి చూసి అడిగిండు.

"పడుడు వచ్చా నీకు?"

మీ నాయిన కదలలే.

"నిన్నే తమ్మీ. పడుడు వచ్చా?"

"ఎవడయ్యా నువ్వు? కాలు తెగి నేనుంటె పరాచికమాడ వస్తివా?"

"నాకూ తెగింది. నేను ఆడొచ్చు."

మీ నాయిన మర్లి చూసిండు. ఇరవై దినాలల్ల గోడ కాకుండ వేరేది చూసుడు గదే మొదలు.

"నడుసుడు నేర్పెతందుకు చానమంది వస్తరు" అన్నడు అన్న. "పడుడు ఎవరు నేర్పరు. పడుతనని భయమున్నోడు నడవడు. పడుడు వస్తె నడుసుడు దానంతటదే వస్తది. చెల్లె, గడ్డి ఉన్నదా ఇంట్ల?"

నేను గడ్డివాముల నుంచి రెండు మోపులు తెచ్చి వాకిట్ల పరిచిన. అన్న దాని మీద నిలబడి, చేతిల కట్టె అవతలికి ఇసిరేసి, దబ్బున పడ్డడు. ఉరికి లేపబోయిన.

"ముట్టకు చెల్లె! లేపెటోళ్లుంటె లేసుడు రాదు."

లేవకుండనే మీ నాయిన దిక్కు చూసి చెప్పవట్టిండు. "చూసినవా? ముందు కట్టె ఇసిరెయ్యాలె. కట్టె మీద పడితె పక్కటెముక పోతది. చేతులడ్డం పెట్టొద్దు, మణికట్టు ఇరుగుతది. మనకు ఉన్నయే తక్కువ, ఉన్నయి కాపాడుకోవాలె. భుజం ఇచ్చెయ్యి. వడ్ల బస్తా దొర్లినట్టు దొర్లు." ఇంక నేలను అరచేతితోని రెండుసార్లు తట్టి, "ఇగో, ఈడనే ఉన్నది భూమి. ఎటూ పోలే" అన్నడు.

గది ఆయన మాట. పడ్డప్పుడల్ల గదే అనెటోడు. బస్సు దిగుతుంటె పడ్డా గదే, గట్టు మీద జారినా గదే. ఈడనే ఉన్నది భూమి.

ఆ పొద్దు మీ నాయిన్ని వాకిట్లకు దేకిచ్చి, చంకకింద కట్టె పెట్టి నిలబెట్టి, పడగొట్టిండు. మొదటిసారి పడ్డప్పుడు మీ నాయిన తిట్టిండు చూడు, ఆ బూతులు నీతోని రాపియ్యను. అన్న సంబురంగ ఇన్నడు. "మంచిగ తిడ్తున్నవ్ తమ్మీ, ఊపిరి మంచిగున్నది. మల్ల పడు" అన్నడు. పక్కింటామె దడి మీదికెల్లి తొంగి చూసి, "ఏందక్కా, మీ ఇంట్ల సర్కసు దించిండ్రా?" అన్నది. "రా అమ్మా, నువ్వు సుత పడు, టికెట్టు లేదు" అన్నడు అన్న. ఆమె పకపక నవ్వింది. మీ నాయిన గడ్డిల పడి ఉండి, ఆమె నవ్వుడు ఇని, ఆయన సుత నవ్విండు. నేను పొయ్యికాడికి పోయి ఏడ్చిన. పొగ అన్న.

మూడు దినాలు ఉన్నడు. అరుగు మీదనే పండుకున్నడు. మన ఊరి వడ్రంగిని పిలిపిచ్చి టేకు కొయ్యతోని కాలు చెయ్యిపిచ్చిండు. మామూలు కొయ్యకాలు దున్నిన మట్టిల దిగబడుతదని, అడుగున గుండ్రటి పలక కొట్టిచ్చిండు, తాంబూలం పళ్లెమంత. అది మట్టి మీద ఆనుతది, దిగదు. ఇంక మేడి రెండు చేతులతోని పట్టి, దాన్నే కట్టె లెక్క ఆసర చేసుకొని, ఎడ్లను మెల్లగ నడిపిచ్చుడు. "దున్నెటోని చేతిల ఎట్లైన ఒక కట్టె ఉంటది కదరా. నీ కుంటితనం కనబడని పని దున్నుడొక్కటే" అన్నడు. మీ నాయిన ఆ యేడు రెండెకరాలు దున్నిండు. సాల్లు వంకర పోయినయి. గట్టు మీద నిలబడి చూస్తుంటె, ఆ వంకర సాల్లు నా కండ్లకు ముగ్గు లెక్క కనబడ్డయి.

ఆయన జేబుల ఎప్పుడు ఒక చిన్న గుండ్రటి అద్దం ఉండేది. మాటిమాటికి తీస్తుంటె ఊరోళ్లు, ఈయనకింత సోకేందని నవ్విండ్రు. మొహం చూసుకునేటందుకు కాదు అది. సాయంత్రం కొయ్యకాలు ఇప్పినంక, ఉప్పునీళ్లతోని కడిగి, తెగిన కాడ అడుగు దిక్కు పుండేమన్న పడ్డదా అని చూసుకునేటందుకు. అక్కడికి కన్ను పోదు కదా. పోయేటప్పుడు ఆ అద్దం మీ నాయినకిచ్చిండు. "దినాం చూసుకో. కాలు పోయినోళ్లు కాలు పోయినందుకు సావరు, మిగిలినదాన్ని చూసుకోక సస్తరు" అన్నడు.

తన కాలు ఎట్ల పోయిందో మాత్రం ఒక్కనాడు ఒక్క తీరు చెప్పలే. పిల్లలకు మొసలి తిన్నదనెటోడు. ఆడోళ్లకు ఎలుగొడ్డు. దవాఖానాల నర్సమ్మ అడిగితె, "మా ఇంటామె కట్టెలు తక్కువైతె పొయ్యిల పెట్టిందమ్మా" అన్నడు. ఇంటామె ఎప్పుడో కాలం చేసింది, పిల్లలు లేరు. ఒకనాడు నేను గట్టిగ అడిగిన. నిజం చెప్పన్నా, ఎట్ల పోయింది? "కాలు పోయింది మాత్రం నిజం చెల్లె" అన్నడు.

చెప్పుల సంగతి. పోయేముందు మీ నాయిన కుడిపాదం జానతోని కొలిచిండు. ఎందుకన్నా అంటె, చెప్పలే. మల్ల యేడు వానలకు ముందు, టక్కు జర్రుమని వచ్చి, సంచిలకెల్లి కుడికాలి చెప్పు తీసిండు. "నాకు ఎడమది, నీకు కుడిది. దుకాణపాయన ఒక్క చెప్పు అమ్మనంటడు. ఇన్నేండ్లు ఒకటి గోదాట్ల పారేసిన" అన్నడు. మీ నాయిన ఏసుకొని చూసి, "వదులున్నదే" అన్నడు. "నాకు బిగువున్నది. నీ పాదం చిన్నది, నాది పెద్దది, నడుమల సైజు తెచ్చిన. ఇద్దరం సమానంగ తిప్పలు పడుదం." మీ నాయిన చెప్పుల గుడ్డపేలిక కుక్కుకొని నడిచిండు. పద్నాలుగేండ్లు, యేడాదికొక జత, రెండిండ్లల్ల.

సర్టిఫికెట్ కోసం ఇద్దరు కలిసి పట్నం పోయిండ్రు, బస్సు పాసుకు కావాలంటె. నేను సుత పోయిన, సద్దిమూట పట్టుకొని. బల్ల అవతల రాసుకునేటాయన తల ఎత్తకుండ, "ఎంత శాతం?" అన్నడు. మీ నాయినకు అర్థం కాలే. "కాలు లేదు సార్" అన్నడు. "అది కాదయ్యా, ఎంత శాతం లేదు?" అన్న ముందుకు జరిగిండు. "సార్, ఈయనకు కుడిది ఉన్నది, నాకు ఎడమది ఉన్నది. ఇద్దరం కలిస్తె ఒక మనిషి సరిగ్గ అయితడు. ఆ ఒక్కనికి పాసు అక్కర లేదు. విడివిడిగ ఉన్నం కాబట్టి ఇద్దరికి రాయున్రి." అక్కడున్నోళ్లందరు నవ్విండ్రు. రాసుకునేటాయన నవ్వలే గని, తల ఎత్తి చూసిండు. తల ఎత్తితె చాలు పని అయితదని అన్న లెక్క. అయింది.

ఇప్పుడు చెప్త.

కొయ్యకాలుకు తోలు పట్టీలుండె, తొడకు కట్టేటయి. అవి నేనే కట్టాలె, మీ నాయిన చేతులకు ఎనుక ముడి అందదు. నేను కడితె వదులయ్యేది. దినాం వదులయ్యేది. చేన్ల నాలుగు సాల్లు పోంగనే జారేది, మీ నాయిన పడేటోడు. "గట్టిగ కట్టవే! చేతుల బలం లేదా?" అని అరిచేటోడు. మోపులు మోసే చేతులు నావి, బలం లేకేంది? పట్టీ ఒక్క గుంజు గుంజి ఇడిసిపెట్టేదాన్ని. అప్పుడు నువ్వు సుత నవ్వేదానివి, అమ్మకు ముడేసుడు రాదని.

అన్న గది చూసిండు. రెండో యేడు చూసిండు, మూడో యేడు చూసిండు. ఆ మూడో యేడు వచ్చినప్పుడు ఆయన ఎడమచేతి మణికట్టుకు వెదురు బద్దల కట్టు ఉండె. మీ నాయిన చేన్ల ఉన్నడు, అరక కనబడ్తున్నది. అన్న గట్టు మీద నా పక్కన కూసున్నడు. చెయ్యి ఇరిగిందా అన్నా అన్న. "ఇరగలే. కట్ల తాత కాడికి పోయిన" అన్నడు.

నేను అరక దిక్కు మర్లిన.

"తిడ్దామని పోయిన చెల్లె. మా తమ్ముని కాలు తీసినవని. ఎవరు రాక గుడిసెల ఒక్కడే కూసోని ఉన్నడు. ఎట్ల కట్టినవో నా చేతికి కట్టి చూపియ్యి అన్న. కట్టిండు. ఇగో, ఈడ వేళ్లు పెట్టు."

తాడు కిందికి నా రెండు వేళ్లు దూరిచ్చిండు. మంచిగ దూరినయి.

"ఎవరికి కట్టినా రెండు వేళ్ల సందు ఉంచుతడంట. వాపుకు జాగ ఉండాలెనంట. యాభై ఏండ్ల సంది గదే తీరు. మరి తమ్ముని కాలుకు ఆ సందు ఏడికి పోయింది చెల్లె?"

రాయి బిడ్డా. ఆ సందు నేను తీసేసిన.

మూడో దినం. మీ నాయినకు నొప్పి ఆగాలెనని ఇప్పసారా తాగిపిచ్చిండ్రు, సోయి లేకుండ పండుకున్నడు. నేను చూస్తె కట్టు వదులున్నట్టు కొట్టింది. తాడు కిందికి నా వేళ్లు పోతున్నయి. అయ్యో, జారిపోయింది, బొక్క వంకర కూడుతదని భయమైంది. మా అన్న కొడుకు చెయ్యి గట్లనే వంకర కూడింది, వాడు మేడి పట్టలేడు. కాలు వంకర పోతె దున్నేదెవరు? ముసలాయన తాడు ఇప్పి, నా మోకాలు ఆనిచ్చి గుంజి, ఇంక రెండు సుట్లు సుట్టి ముడేసిన. మోపు కట్టినట్టు కట్టిన. నాకు వచ్చిన ముడి గదే.

సోయి వచ్చినంక మొత్తుకున్నడు. పీకుతుందే, వదులు చెయ్యవే అని. తాత తొమ్మిది దినాలు ముట్టొద్దన్నడు, ఓర్సుకో అన్న. మొగోనివి కాదా అన్న. రెండు దినాలు మొత్తుకొని, మొత్తుకునుడు ఆపిండు. నొప్పి తగ్గిందని సంబురపడి జొన్నగటక వండి పెట్టిన. నొప్పి తగ్గలే బిడ్డా. కాలు సచ్చింది.

దవాఖానాల డాక్టరు, ఇంత గట్టిగ ఎవరు కట్టిండ్రమ్మా అని అడిగిండు. కట్ల తాత అన్న. ఒక్క మాట. ఆ మాటకే ఊరోళ్లు పోయి ఆయన బద్దలు ఇరిసిండ్రు. నేను మీ నాయిన మంచం కాడ కూసోని, ఆ సంగతి ఇని, ఊకున్న.

...

బిడ్డ పెన్ను పెట్టి లేశి పోయింది. పోకు అన్నా గని పోయింది. కొట్టం కాడ నిలబడ్డది. నేను పిలువలే. శానసేపైనంక మొహం కడుక్కొని వచ్చి కూసున్నది. "నాయినకు ఎరుకనా?" అన్నది. తెల్వదు బిడ్డా. ఎరుకైతె, గట్టిగ కట్టవే అని నాతోని ఎట్ల అంటడు? ఎరుక లేకుంటె, దినాం జారి పడుకుంట సుత నాతోనే ఎందుకు కట్టిచ్చుకుంటడు? నాకు తెల్వదు. ఇప్పుడు పెన్ను పట్టింది. మంచిది.

గట్టు మీద అన్నకు గిదంత చెప్పిన. పోనీ తియ్యి చెల్లె అంటడేమో అనుకున్న. అనలే. మీ నాయిన అరక దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "నాకు చెప్పి ఏం లాభం? చెప్పవలసినోళ్లు ఇద్దరున్నరు" అన్నడు. ఇంక కట్టు ఇప్పి, ఆ తాడుతోనే నా చేతులు పట్టి నేర్పిండు. రెండు వేళ్లు దూరాలె, మూడు దూరొద్దు. ఆ దినం సంది మీ నాయిన కొయ్యకాలు జారలే. నీకు యాదికుండాలె, అమ్మకు ముడేసుడు వచ్చిందని నువ్వే అన్నవ్.

గప్పటి సంది యేడాదికొకసారి అన్న వచ్చుడు, చెప్పు ఇచ్చుడు, పోయేటప్పుడు దడి కాడ ఆగి, మెల్లగ "అయిందా?" అనుడు.

"కాలే అన్నా."

"సరే" అనెటోడు. కోపం లేదు, తిట్టు లేదు. మల్ల యేడు, "అయిందా?" "కాలే." చెప్పుదామని ఎన్నోసార్లు నోరు తెరిచిన. మీ నాయిన కట్ల తాతను తిట్టినప్పుడల్ల తెరిచిన. అన్నం తిను అని మూసిన.

కట్ల తాత పోయిండు. ఆ యేడు అన్న, "ఒకలు పోయిండ్రు. ఇంకొకలున్నరు" అన్నడు.

మీ నాయిన ఛాతిల నొప్పని పోయిన దినం నీకెరుకే, నువ్వు వచ్చేసరికే చాపల పెట్టిండ్రు. నువ్వు చూడని సంగతొకటి. పోయినోళ్లకు బొటనవేళ్లు రెండు కలిపి కడ్తరు కదా. మీ నాయినకు ఒక్కటే వేలు. పెద్దోళ్లు ఒకల మొహం ఒకలు చూసుకున్నరు. ఇడిసిపెట్టున్రి, కట్టేదేమున్నదన్నరు. నేను లోపలికి పోయి కొయ్యకాలు తెచ్చి పక్కకు పెట్టి, ఆ వేలును దానికి కట్టిన. కట్టి, ముడి కిందికి రెండు వేళ్లు పెట్టి చూసిన. "సచ్చినోనికి సందెందుకే" అన్నది మా అత్త చెల్లెలు. నాకు కావాలె అన్న.

పదో దినానికి అన్న వచ్చిండు. ఆ యేటి చెప్పు తెచ్చిండు. దడి కాడ ఆగిండు. అడుగుతడేమోనని నిలబడ్డ. అడగలే. టక్కు, జర్రు... పోయిండు. నేను ఆ చప్పుడు ఇనబడినంతసేపు నిలబడ్డ. మీ నాయిన పోయిన దినం కంటె ఆ దినమే నాకు ఇల్లు పెద్దగనిపిచ్చింది.

తరువాత సుత యేడాదికొకసారి వచ్చిండు, చెప్పు తోనే. ఆయన లేడు కదన్నా, ఎందుకు మోసుకొస్తవ్ అన్న. "దుకాణపాయన ఒక్కటి అమ్మడు చెల్లె. ఇంట్ల పెట్టుకుంటె కుడికాలు యాదికొస్తది" అన్నడు. కూసోని చల్ల తాగెటోడు. మాటలు తక్కువైనయి. ఇద్దరం వాకిట్ల గడ్డి పరిచిన జాగ దిక్కు చూసుకుంట కూసునేటోళ్లం. ఆ ఒక్క పూట కోసం యేడంత ఉండేదాన్ని.

పోయిన యేడు వచ్చినప్పుడు చిక్కిపోయిండు. కొయ్యకాలు బరువైందన్నడు. దడి కాడ ఆగి, నా దిక్కు మర్లి, "అయిందా?" అన్నడు. ఐదేండ్ల సంది అడగని మాట.

"ఇంకెవరున్నరన్నా? ఇద్దరూ పోయిరి."

"పిల్ల ఉన్నది. వాళ్ల నాయిన కాలు కదా అది. కట్ల తాత మనుమడున్నడు. చేతుల పని మంచిగున్నదంట, ఎవరు కట్టిచ్చుకోరు. నీ తాత కాలు పోగొట్టిండు, నువ్వు చెయ్యి పోగొడ్తవా అని నవ్వుతరంట. నిరుడు ఆ దిక్కు ఒకనికి చెయ్యి ఇరిగితె, వాని కాడికి పోక, ఊకనే ఉంచుకొని వంకర చేసుకున్నడు. దున్నలేడు."

మెట్టు దిగుతుంటె ఆయన కొయ్య జారింది. కట్టె ఇసిరేసి, భుజమిచ్చి, దొర్లి పడ్డడు. ఉరికిన. లేపలే, ముట్టలే, పక్కన నిలబడ్డ. మట్టిని రెండుసార్లు తట్టి, నవ్వి, "ఈడనే ఉన్నది భూమి" అన్నడు. తనంతట తనే లేసిండు. గదే ఆఖరు చూసుడు.

బిడ్డా, గూటి కాడ కుడికాలి చెప్పులు ఆరున్నయి. మొన్నటిది కలిపి ఏడు. అవి అట్లనే ఉండని.

గిప్పటిదాక రాసింది మల్లొకసారి ఎక్కిచ్చి రెండు కాగితాలు చెయ్యి. ఒకటి నీ కాడ ఉంచుకో. ఇంకొకటి నేను గూడేనికి తీసుకపోత, కట్ల తాత మనుమని ఇంటికి. నాకు చదువ రాదు, వానికొచ్చో రాదో. రాకుంటె నోటితోనే చెప్త. గూడెం నడుమల నిలబడి, అందరు ఇనంగ చెప్త. తరువాత మన ఊర్ల చెప్త. నువ్వు నాతోని వస్తవా అని అడగను. నీకు రాబుద్ధి కాకుంటె రాకు. నేనొక్కదాన్నే పోత.

తిడ్తె తిట్టని. మన్ను పోస్తె పొయ్యని. డాక్టరుతోని 'కట్ల తాత' అని నేనన్న ఆ ఒక్క మాటనే నా చేతి కట్టె, ఇన్నేండ్లు దాని మీదనే నిలబడ్డ. గది ఇసిరేస్త. చేతులడ్డం పెట్టను. అన్న నేర్పిందే.